మూడో రికార్డు రెండో పక్క

రేడియో స్టేషన్లో నాకిచ్చిన పని పాటలను అనుమానించడం. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ ముప్పై ఏళ్ళకు పైగా నేను జీతం తీసుకున్నది అందుకే. పాట ఎవరు కట్టారు, ఎవరు పాడారు, రికార్డు మీద రాసి ఉన్నదీ లోపల వినిపించేదీ ఒకటేనా కాదా, ఏ పక్క ఎన్ని నిమిషాలు అని సరిచూసి, వివరాల కాగితం కింద సంతకం పెట్టాలి. ఆ కాగితం మీద ఉన్నదే అనౌన్సరు చదువుతాడు. తప్పు చదివితే అనౌన్సరును ఎవరూ ఏమీ అనరు, సంతకం ఎవరిదని అడుగుతారు.

నాకంటే ముందు ఆ పని చేసినాయన, బతికున్న ఒక గాయకుడి పేరుకు ముందు 'కీర్తిశేషులు' అని రాసి పంపాడట. ఆ గాయకుడు మర్నాడు పొద్దున్నే స్టేషనుకు వచ్చి, కాసేపు కూర్చుని పోదామని వచ్చానని చెప్పి, సాయంత్రం దాకా కదలలేదట. అట్లా ఖాళీ అయిన కుర్చీలోకి నేను వచ్చాను. నిజాం కాలం, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది మొయినాబాద్ దగ్గర చిన్న మంగళారం. మిషను బడిలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు, చర్చిలో నాలుగు కీర్తనలు నేర్చుకున్న రైతు కుటుంబం. ఆ కుర్చీ కూడా పోతుందేమోనన్న భయంతోనే నేను రోజూ దాంట్లో కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు మీ ఇళ్ళల్లో క్యాసెట్లు ఉన్నాయి కాబట్టి ఒక్క మాట చెప్పాలి. అప్పుడు పాట అంటే లక్కతో చేసిన నల్లని పళ్ళెం. ఒక్కో పక్కన నాలుగు నిమిషాలు, మహా అయితే ఇంకో అర నిమిషం. పెద్ద సంగీతమైతే ఐదారు రికార్డుల కట్టగా వచ్చేది. మా స్టేషన్లో రికార్డులు తిప్పే యంత్రాలు ఉండేవి కానీ కొత్తగా రికార్డు చేసుకునే యంత్రం అప్పటికి ఇంకా రాలేదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మా పని.

ఆ ఏడు గుడ్‌ఫ్రైడేకి ఒక ప్రత్యేక కార్యక్రమం వేయాలని మా ప్రోగ్రాం సారుకు ఆలోచన వచ్చింది. ఆయన ఉర్దూ సాయిబు, నవాబుల ఇళ్ళల్లో పెరిగిన మనిషి, సంగీతమంటే ఏ దేశందైనా చెవి కోసుకునేవాడు. ఫ్రాన్సు దేశపు స్వరకర్త ఒకాయన చనిపోయినవాళ్ళ శాంతి కోసం కట్టిన బృందగానం ఉందని, అది వేస్తే బాగుంటుందని, కానీ మన దగ్గర లేదని విచారంగా చెప్పాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"చేవెళ్ళ మిషను దవాఖానల ఉన్నదండి. మా పెద్దబాపు అక్కడ కంపౌండరు. చిన్నప్పుడు నేను విన్న" అన్నాను.

సారు కళ్ళద్దాలు తీసి నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "అయితే నువ్వే పోయి తీసుకురా మియా. కాగితం కూడా నువ్వే తయారు చెయ్యి. ఇది ఇంగ్లీషు దొరలు కూడా వింటరు. ఒక్క తప్పు రావద్దు."

గుడ్‌ఫ్రైడేకి అప్పటికి పదిహేను రోజులున్నాయి.

చేవెళ్ళ దవాఖానను నడిపే డాక్టరమ్మ ఫ్రాన్సు దేశస్తురాలు. మా వైపు వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. తెలుగు రోగుల దగ్గర నేర్చుకున్నది కాబట్టి ఆమె మాట మా అవ్వల మాటలాగే ఉండేది, పలికే తీరు మాత్రం వేరు. పెద్దబాపు ఆమె దగ్గర మందులు కలిపేవాడు, సీసాలకు చీటీలు అంటించేవాడు, ఏడాదికొకసారి ఆమె గ్రామఫోను తిప్పేవాడు. ఆ ఏడాదికొకసారి ఏమిటంటే, ఆమె తమ్ముడు పుట్టిన రోజు. ఆ రోజు సాయంత్రం రోగులు వెళ్ళిపోయాక ఆమె వరండాలో కుర్చీ వేసుకుని ఈ ఐదు రికార్డులూ వరుసగా వినేది. షాబాద్ బండల మీద గోడకు ఆనుకుని మేము పిల్లలం కూడా వినేవాళ్ళం. మాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కదిలేవాళ్ళం కాదు.

నేను సంగతి చెప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"తీస్కపో కొడుకా. మా తమ్ముని పేరు చెప్తరా రేడియోల?"

అప్పుడు వివరంగా చెప్పింది. తమ్ముడు వాళ్ళ ఊరి చర్చి బృందంలో పాడేవాడు. ఆ బృందం పాడిందే ఈ రికార్డుల కట్ట. అతనే ఇక్కడికి పార్సెలు పంపాడు. ముందుగా వచ్చిన ఉత్తరంలో, మూడో రికార్డు రెండో పక్కన ఒంటరిగా వినిపించే గొంతు నాదే అక్కా, మిగతా అంతా నువ్వు నిద్రపోవచ్చు అని రాశాడు. పార్సెలు చేవెళ్ళకు చేరిన వారానికే అతను జ్వరంతో పోయినట్టు ఇంకో ఉత్తరం వచ్చింది. ఇదంతా జరిగి అప్పటికి తొమ్మిదేళ్ళు.

"మా ఇంట్ల అందరు పోయిన్రు. వాని గొంతు ఒక్కటే మిగిలింది నాకు" అన్నది ఆమె, రికార్డుల పెట్టె నా చేతికిస్తూ.

పెద్దబాపు ఆ మాట వింటూ మందుల బల్ల వెనక నిలబడ్డాడు. నాకు చదువు చెప్పించినవాడు, ఇంగ్లీషు బడికి చేయి పట్టుకుని నడిపించినవాడు. నేను రేడియోలో చేరానని ఊరంతా చెప్పుకుని తిరిగినవాడు ఈ పనికి సంతోషిస్తాడనుకున్నాను. నన్ను బస్సు దాకా సాగనంపుతూ, "జర ఆలోచన జెయ్యి రా. పాతవి గవి. పలుగుతయేమో. వేరే ఏదన్నా పాట పెట్టుకోరాదు?" అన్నాడు. రికార్డుల మీద ప్రేమ అనుకున్నాను.

స్టేషనుకు తెచ్చి కాగితం మొదలుపెట్టాను. రికార్డుల మధ్యన అంటించిన ఫ్రెంచి చీటీల మీద ఉన్నది డాక్టరమ్మ ఇంగ్లీషులో రాసిచ్చింది. పాటలోని లాటిన్ మాటలకు అర్థం ఒక పాదిరిగారి దగ్గర రాయించుకున్నాను. యంత్రం తిప్పే ఆపరేటరు నాకంటే పదేళ్ళు పెద్ద, వేళ్ళతో తాకి రికార్డు వయసు చెప్పగలిగినవాడు. అతనూ నేనూ కలిసి ఒక్కో పక్కా గడియారం పెట్టుకుని విన్నాం. మొదటి రికార్డు బాగుంది. రెండోది బాగుంది. మూడోది పెట్టగానే ఆపరేటరు తల వంచాడు.

"గది మారింది అన్నా" అన్నాడు. నాకంటే పెద్దవాడయినా సంతకం నాదని నన్ను అన్నా అనేవాడు.

"గది మారుడు ఏంది?"

"ముందు రెండిట్ల చర్చి ఉన్నది. గొంతు పోయి గోడకు తగిలి తిరిగొస్తున్నది. ఇండ్ల గోడ లేదు."

నేను రికార్డును వెలుతురులోకి తీసుకుపోయాను. దాని మధ్య ఉన్న ఎర్ర చీటీకి అడ్డంగా సన్నని చిరుగు ఉంది. తిప్పి చూస్తే రెండో పక్క చీటీకీ సరిగ్గా అదే చోట చిరుగు. చీటీ రెండు పక్కలా అడ్డంగా చిరిగింది, రికార్డు మీద మాత్రం గీత కూడా లేదు. గోటితో అంచు పట్టి చూశాను. ఎర్ర చీటీ కింద ఇంకో చీటీ ఉంది, నీలం రంగుది. చీటీకీ పాట గీతలకీ మధ్య ఉన్న ఖాళీలో అచ్చయిన నంబరు కూడా మిగతా నాలుగింటి వరసలోది కాదు.

ఎవరో పగిలిన రికార్డు చీటీలను నానబెట్టి ఊడదీసి, అదే పాటను వేరే బృందం పాడిన రికార్డు మీద అతికించారు. ఎంత చక్కగా అతికించారంటే, అంచుల్లో ఒక్క ముడత లేదు. అట్లాంటి పనితనం ఉన్న చేయి నాకు ఒక్కటే తెలుసు. మందు సీసాల మీద చీటీ వంకర పోతే నాకు మొట్టికాయ వేసిన చేయి అది.

వివరాల కాగితంలో ఆరో వరసలో అప్పటికే రాసి ఉంది: మూడో రికార్డు, రెండో పక్క, ఏకగానం, చేవెళ్ళ డాక్టరుగారి తమ్ముడు. సంతకం పెడితే అబద్ధం. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి. చెబితే పెద్దబాపు పని ఏమవుతుందో, ఆమె ఏమవుతుందో ఆలోచించడానికి కూడా భయమేసింది.

ఆదివారం ఊరికి పోయాను. ఆరాధన అయ్యాక అందరూ ఇళ్ళకు పోయేదాకా ఆగి, చర్చి గోడ నీడలో పెద్దబాపును కూర్చోబెట్టి, రికార్డు చీటీ సంగతి తెలిసిందని మాత్రం చెప్పాను. ఆయన కాదనలేదు.

"పార్సెలు తెచ్చినోన్ని నేనే" అన్నాడు. "వానకాలం. ఈసీ వాగు నిండుగ పారుతున్నది. దాటంగ బండి ఒరిగింది. పెట్టె కింద పడ్డది. నాలుగు మంచిగున్నయి, ఒకటి రెండు ముక్కలయింది. అమ్మకు ఎట్ల చెప్పాలె? తెల్లారి చెప్దామనుకున్న. ఇంకోటి పట్నం దుకాణంల చెప్పి తెప్పిస్త, అప్పటిదాక ఆగుదామనుకున్న. నాలుగే వచ్చినయి, ఒకటి వెనుక వస్తదట అని చెప్పిన. గంతల్నే సావు ఉత్తరం వచ్చింది."

"గప్పుడన్న చెప్పొద్దా పెద్దబాపూ?"

"నువ్వు సూడలే రా. మూడు దినాలు ముద్ద ముట్టలే ఆమె. మంచినీళ్ళు గుడ తాగలే. రోగులు వాకిట్ల కూసున్నరు, ఈమె లోపటికెల్లి రాలే. దుకాణమాయన, అదే పాట, గదే దొరికింది అని పంపిండు. చీటీ సూస్తే రంగు వేరున్నది. అతికిచ్చిన. పోయి గ్రామఫోను మీద పెట్టిన. విన్నది. గోడుగోడున ఏడ్చింది. ఏడ్చి, లేసి, అన్నం తిన్నది. ఇంక ఎట్ల చెప్పాలె చెప్పు."

చెప్పుకు అంటిన మట్టిని పుల్లతో గీకి, మళ్ళీ ఆయనే అందుకున్నాడు.

"మన సంఘంల సచ్చిపోయినోళ్ళ కోసం ప్రార్థన లేదు గద. ఏడాదికోసారి ఆ గ్రామఫోను తిప్పుకుంట నేను చేసిన. పాస్టరుగారికి తెలిస్తే ఏమంటడో. నా తప్పు మాఫ్ చెయ్యమని ఆ పిలగాన్నే అడిగిన" అన్నాడు. "నువ్వు నన్ను కాపాడమని అడుగుత లేను. ఆమెను కాపాడు."

లేవబోతుంటే అడిగాను, ఆ ముక్కలు ఏం చేశావని. పడేసే మనిషి కాదని తెలుసు. దవాఖాన సామాన్ల గదిలో, రేకు పెట్టెలో, కట్టు గుడ్డ చుట్టి దాచాడు. తొమ్మిదేళ్ళ నుంచీ.

రెండు ముక్కలూ సరిగ్గా మధ్యకు పగిలాయి, అంచులు చెదరలేదు. వాటిని స్టేషనుకు తెచ్చి చూపిస్తే ఆపరేటరు, "ఇది లక్క గద అన్నా. లక్క అతికేటోళ్ళు మన పట్నంల లేరా?" అన్నాడు. నాకు అప్పటిదాకా తట్టనేలేదు. లక్క గాజులు చేసే వీధికి తీసుకుపోయాం. అక్కడి ముసలి పనివాడు రెండు ముక్కలనూ వేళ్ళతో నిమిరి, కుంపటి మీద సన్నని ఇనప పుల్ల వేడి చేసి, నల్ల లక్కను దారంలా సాగదీసి, చీటీ ఊడిన మధ్య భాగంలోనూ అంచునా అతికాడు. గీతల మీద చుక్క పడకుండా చూశాడు. ఇంత శ్రద్ధగా గాజులే కానీ పాట ఎప్పుడూ అతకలేదని నవ్వాడు.

స్టేషనుకు తెచ్చి యంత్రం మీద పెట్టాం. ముల్లు అతుకు మీదికి వచ్చినప్పుడల్లా టక్కుమన్నది. ఒక చుట్టుకు రెండు టక్కులు. ఆ టక్కుల నడుమ నుంచి చర్చి వినిపించింది, గొంతు పోయి గోడకు తగిలి తిరిగి వస్తున్నది. కొంతసేపటికి బృందం ఆగింది, ఒక్క మగ గొంతు మొదలైంది. ఆపరేటరు టోపీ తీశాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

ఒకసారి ముల్లు జారకుండా పోతుందా అని విన్నాను. రెండోసారి నిమిషాల కోసం విన్నాను. మూడోసారి ఏ కారణమూ లేకుండా విన్నాను.

"ఇది గాలిలకు పోదు. టక్కుటక్కుమంటే వినేటోళ్ళు రేడియోలు వాపసు తెస్తరు" అన్నాడు ఆపరేటరు. "అమ్మను ఇక్కడికి పిలిపియ్యి అన్నా. ఈ కుర్సీల కూసోబెట్టి వినిపిద్దాం. ఇది ఊర్లు తిరిగేటిది కాదు, ఎక్కువ కదిలియ్యొద్దు."

నేను వద్దన్నాను. ఇన్నేళ్ళ తర్వాత మీకు చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఆమె స్టేషనుకు వస్తే ప్రోగ్రాం సారు వస్తాడు, అనౌన్సర్లు వస్తారు, మా పెద్దబాపు చేసిన పని అందరికీ తెలుస్తుంది. మా ఇంటి పరువు నలుగురి నోళ్ళల్లో పడుతుంది. గుట్టుగా నేనే చేవెళ్ళ తీసుకుపోయి, ముందు అసలు గొంతు వినిపించి, ఆ సంతోషంలో ఉండగా నిజం చెప్పి, కాగితం మీద ఆమె చేత సంతకం చేయించుకుని వద్దామని లెక్క వేసుకున్నాను. గుడ్‌ఫ్రైడేకి ఇంకా మూడు రోజులున్నాయి. లెక్క బాగానే కుదిరిందనిపించింది.

దారి పొడవునా నా భయం ఒక్కటే, కుదుపులు. మొయినాబాద్ దాటాక ఆ రోడ్డు సంగతి తెలిసిన వాళ్ళకు తెలుసు. అందుకని రికార్డును రెండు పలకల మధ్య పెట్టి, చుట్టూ దూది కూరి, గుడ్డ చుట్టి, చెక్క పెట్టెలో పెట్టాను. బస్సు కిక్కిరిసి ఉంది. చిల్కూరు గుడికి పోయేవాళ్ళు, షాబాద్ సంతకు పోయేవాళ్ళు, కోళ్ళు, గంపలు. పెట్టె మీద ఎవరైనా కూర్చుంటారేమోనని దాన్ని నెత్తి మీదికి ఎత్తుకున్నాను. వెనక చివరి బల్ల మాత్రం ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో ఆలోచించే ఓపిక నాకు లేదు. పోయి కూర్చుని, పెట్టెను పక్కన బల్ల మీద పెట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

యుద్ధం వల్ల పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు గ్యాసుతో నడుస్తున్న కాలమది. ఆ బొగ్గు పొయ్యి బస్సు వెనక, సరిగ్గా ఆ బల్ల అవతల ఉండేది. ఏప్రిల్ ఎండ, ఆపైన పొయ్యి సెగ. నా చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. ప్రతి గుంత దగ్గరా పెట్టెను ఒళ్ళోకి ఎత్తుకుని, గుంత దాటగానే మళ్ళీ బల్ల మీద పెట్టాను. ఈసీ వాగు దాటేటప్పుడు మాత్రం పెట్టెను రొమ్ముకు హత్తుకుని కళ్ళు మూసుకున్నాను. బస్సు ఒరగలేదు. ఇక భయం లేదనుకున్నాను. లక్క సెగకు కరుగుతుందని గాజుల వీధిలో కళ్ళారా చూసి వచ్చి మూడు రోజులు కూడా కాలేదు.

దవాఖానలో పెద్దబాపు ఎదురొచ్చాడు. సామాన్ల గదిలోకి పోయి ఇద్దరం పెట్టె విప్పాం. గుడ్డ విప్పాం, దూది తీశాం, పై పలక ఎత్తాం. పలక అంత తేలికగా రాలేదు.

అతుకు విడిపోయింది. రెండు ముక్కలూ చెరో వైపు జారి వంగాయి. గాజుల ముసలాయన పోసిన లక్క కారి గీతల్లోకి పోయి, దూదితో కలిసి గట్టిపడింది. పెద్దబాపు దాన్ని షాబాద్ బండ మీద పెట్టి, చల్లని నీళ్ళతో తడిపిన గుడ్డ వేశాడు. దవాఖాన మనిషికి తెలిసిన వైద్యం అది. దానికి ఏ వైద్యమూ లేదని ఇద్దరికీ తెలుసు.

"నువ్వు గుడ పలగ్గొట్టినవా కొడుకా" అన్నాడు. అందులో నింద లేదు. ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను.

తలుపు దగ్గర డాక్టరమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. ఆమె చూపు బండ మీద ఉంది.

నేను నోరు తెరిచేలోపు పెద్దబాపు రెండు చేతులూ జోడించాడు. చర్చి గోడ నీడలో నాకు చెప్పినదంతా, ఒక్క మాట మార్చకుండా, ఒక్క సాకు చేర్చకుండా చెప్పాడు. వాగు, బండి, దుకాణం, చీటీ. తర్వాత నేను చెప్పాను. ఆపరేటరు చెప్పింది, గాజుల వీధి, చివరి బల్ల. ఆమె మందుల డబ్బా ఒకటి లాక్కుని దాని మీద కూర్చున్నది.

"అయితే తొమ్మిదేండ్లు నేను ఎవలి గొంతు విని ఏడ్చిన?" అని అడిగింది.

ఆమె కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు. బయట ఒక చంటిపిల్ల ఏడుస్తుంటే లేచి పోయి, దానికి మందు పోసి, తల్లికి ఎట్లా పట్టాలో రెండుసార్లు చెప్పి, చేతులు కడుక్కుని మళ్ళీ వచ్చింది. పెద్దబాపు వైపు చూసి, "రేపు ఇంజక్షన్ల పెట్టెలు వస్తయి. నువ్వే పోయి తేవాలె. జాగర్తగ తే" అన్నది. ఆయన పని గురించి ఆ తర్వాత ఎప్పుడూ ఇంకో మాట రాలేదు. కానీ పెద్దబాపు ఆ మాటకు కూలబడిపోయాడు. తిట్టి వెళ్ళగొడితే తట్టుకునేవాడు.

కాగితం అడిగి తీసుకుని చదివింది. ఆరో వరసలో తమ్ముడి పేరు తనే కొట్టేసింది. మూడో రికార్డు మరో బృందం పాడిందని ఇంగ్లీషులో రాసి, కింద సంతకం చేసింది. గుడ్‌ఫ్రైడే కార్యక్రమం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అనుకున్నట్టే జరిగింది. అనౌన్సరు రెండు బృందాల సంగతీ పొల్లు పోకుండా చదివాడు. ప్రోగ్రాం సారు నా వీపు తట్టాడు. ఆ కార్యక్రమం బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్క ఉత్తరం రాలేదు. మా వృత్తిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

కానీ అది శుక్రవారం మాట. ఆ రోజు సామాన్ల గదిలో, కాగితం మడిచి నాకిచ్చాక ఆమె అడిగింది.

"నువ్వు విన్నవు గద?"

"విన్న అమ్మా."

"ఎన్నిసార్లు?"

మూడుసార్లు అని చెప్పాను. ఆమెకు ఒక్కసారి కూడా దక్కనిది నేను మూడుసార్లు విన్నాను, అందులో ఒకటి ఊరికే.

"చెప్పు. అంత చెప్పు."

చెప్పాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏదీ చెప్పలేదు. పక్క మొదలైన ఒకటిన్నర నిమిషానికి బృందం ఆగుతుంది. ఆర్గాను ఒక్కటే ఉంటుంది కాసేపు. గొంతు సన్నగా కాదు, బరువుగా వస్తుంది, కానీ బరువు మోస్తున్నట్టు ఉండదు. రెండో చరణం దగ్గర ఆర్గాను కంటే పిసరంత వెనకబడతాడు, అందుకుంటాడు. పైకి పోయే చోట గొంతు చించుకోడు, తగ్గిస్తాడు. చివరి మాట దగ్గర చర్చి గోడలు అతని గొంతును కాసేపు పట్టుకుని ఉంచుతాయి. చెబుతుంటే ఆమె పెదవులు కదులుతున్నాయి, లోపల పాడుకుంటున్నట్టు. వెనకబడే చోట చిన్నగా నవ్వింది కూడా.

నేను ఆపాక ముందుకు వంగింది. నా మణికట్టు పట్టుకుంది.

"పాట ఎత్తుకునే ముంగట ఊపిరి తీసిండా? గట్టిగ? అందరికి వినవడేటట్టు? దానికే మా అమ్మ వాన్ని తిట్టేది. ఎప్పుడు పాడినా తిట్టేది. చెప్పు, తీసిండా?"

ఆ చోటు నాకు గుర్తుంది. ఆర్గాను మీద ఒక టక్కు, ఒక టక్కు, ఆ రెంటి నడుమ బుస్సుమన్నట్టు ఏదో ఉన్నది. అది మనిషి ఊపిరా, అతుకు మీద ముల్లు గీసుకున్న చప్పుడా, మూడుసార్లు విన్నా నేను తేల్చుకోలేదు. కాగితంలో దాని గురించి ఏమీ రాయలేదు. ఇప్పటికీ తేల్చుకోలేదు. పెద్దబాపు గోడకు ఆనుకుని, నా నోటి వైపే చూస్తున్నాడు.

"తీసిండమ్మా" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుంది. నా చేయి వదల్లేదు.

"మల్ల చెప్పు" అన్నది.

మళ్ళీ చెప్పాను.